పటం వెనుక పేర్లు

ఎంతో దూరం ప్రయాణించి, గంటల తరబడి వరుసలో నిలిచి, తీరా గర్భాలయం ముంగిట చేరేసరికి మనం చేసే మొదటి పని ఏమిటో ఎప్పుడైనా గమనించారా? కళ్లు మూసుకుంటాం. చూడడానికే వచ్చాం. చూడవలసిన మూర్తి ఎదుటనే ఉంది. అయినా రెప్పలు వాలిపోతాయి. కన్ను పట్టుకున్నది చేజారిపోక ముందే మనసులో పదిలపరచుకోవాలన్న ఆరాటం కాబోలు అది. తిరుమల వంటి క్షేత్రాల్లో ఆలయంలోనికి కెమెరాలను, సెల్‌ఫోన్లను అనుమతించరు. ఆ నియమానికి కారణాలు ఏవైనా, భక్తునికి దానివల్ల ఒక మేలు కలుగుతోంది. స్వామిని దర్శించిన ఆ రెండు క్షణాలను దాచుకోవడానికి మనసు తప్ప మరో సాధనం అతని వద్ద ఉండదు.

గుడి వెలుపలికి రాగానే పరిస్థితి మారిపోతుంది. భద్రపరచిన సెల్‌ఫోను తిరిగి చేతికి వస్తుంది. గోపురం కనిపించేలా ఒకటి, మాడవీధిలో నిలబడి ఒకటి, ప్రసాదం చేతబట్టి మరొకటి... చిత్రాల మీద చిత్రాలు తీసుకుంటాం. ఇంటికి వచ్చాక వాటిని ఎన్నిసార్లు చూస్తున్నాం? ఫోనులో ఇక చోటు లేదన్న హెచ్చరిక వచ్చిన రోజున, చెరిపివేయడం కోసం ఒకసారి చూస్తాం. అంతే.

మా ఇంట కొన్నేళ్లుగా ఒక అలవాటు ఉంది. ఉగాదికి ముందు వచ్చే ఆదివారం నాడు ఇంటిల్లిపాదీ కూర్చుని, ముగియబోతున్న సంవత్సరంలో తీసుకున్న ఛాయాచిత్రాలన్నిటిలో నుంచి ఒక్కదానిని ఎంపిక చేస్తాం. ఆ ఒక్కటే కాగితం మీద అచ్చు వేయించి దాచుకుంటాం. 2025 మార్చి 30న ఆరంభమైన విశ్వావసు నామ సంవత్సరానికి మేము ఎంచుకున్న చిత్రం గురించి, దానినే ఎంచుకోవడానికి గల కారణం గురించి మీతో చెప్పాలనిపించింది. మీ ఇంటికి కూడా ఆ మాట అవసరపడుతుందన్న నమ్మకమే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఉష ఎదుట నిలిచిన చిత్రాలు

అనేక చిత్రాలలో ఒక్కదానిని గుర్తించడమన్నది మన కాలానికి మాత్రమే చెందిన విషయం కాదు. భాగవతం దశమస్కంధంలోని ఉషాపరిణయ ఘట్టాన్ని ఒకసారి మననం చేసుకోండి. శోణితపురాధీశుడైన బాణాసురుని కుమార్తె ఉష. ఆమెకు కలలో ఒక సుందరాంగుడు కనిపించాడు. మేల్కొన్న తరువాత అతడెవరో తెలియక తల్లడిల్లింది. మంత్రి కుంభాండుని కుమార్తె, ఉషకు ప్రాణసఖి అయిన చిత్రలేఖ కుంచె చేతబట్టింది. దేవతలను, గంధర్వులను, సిద్ధులను, యక్షులను, మానవులలో యదువంశ వీరులను వరుసగా చిత్రించి చూపింది. ఎన్ని రూపాలు కంటి ముందుకు వచ్చినా ఉష మనసు నిలవలేదు. అనిరుద్ధుని చిత్రం చూసినంతనే సిగ్గుతో తల వంచుకుంది. అతడే అని చెప్పింది.

ఇక్కడ మనం గ్రహించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఉష ఆ చిత్రాలలో అందమైనదాని కోసం వెదకలేదు. తన మనసులో అప్పటికే ముద్రపడిన రూపం ఏ చిత్రంలో ఉన్నదా అని వెదికింది. చిత్రలేఖ నేర్పు ఎంత గొప్పదైనా, గుర్తుపట్టవలసినది ఉష హృదయమే. సంవత్సరమంతా తీసుకున్న చిత్రాలను ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మనం చేయవలసినదీ ఇదే. వెలుగు బాగా పడినది, అందరూ చక్కగా నవ్వినది ఏదని వెదికితే మంచి చిత్రం దొరుకుతుంది. మన చిత్రం దొరకాలంటే వేరే ప్రశ్న వేసుకోవాలి.

ఏది లేకపోతే ఏమి పోతుంది?

ఈసారి మా ముందు నిలిచిన చిత్రాలు తక్కువేమీ కాదు. తిరుమలలో గోపురం వెనుకగా వెలుగుతుండగా కుటుంబమంతా నిలిచిన చిత్రం ఉంది. వినాయక చవితికి పిల్లలు స్వయంగా చేసిన మట్టి విగ్రహం ఉంది. తొండం ఒకవైపుకు మరీ ఒరిగిపోయినా ముచ్చటగానే ఉన్నాడు స్వామి. తమ్ముడి గృహప్రవేశం నాడు పాలు పొంగిన క్షణం ఉంది. దీపావళి రాత్రి వాకిట వరుసగా వెలిగించిన ప్రమిదలు ఉన్నాయి. అమ్మాయి పట్టా పుచ్చుకున్న చిత్రం ఉంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్కరు వకాల్తా పుచ్చుకున్నారు. వాదన అరగంట సాగింది.

అప్పుడు మా అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. “నాన్నా, ఈ ఫొటో లేకపోతే మనం ఏది మరచిపోతాం?”

ఆ ప్రశ్నతో చిత్రాలు ఒక్కొక్కటిగా పక్కకు తప్పుకున్నాయి. తిరుమల గోపురం మరపునకు వచ్చేది కాదు. తమ్ముడి ఇల్లు ఎదుటే ఉంది. పట్టా గోడ మీద ఉంది. చివరకు ఒక్కటి మిగిలింది. చూడడానికి అదేమంత గొప్ప చిత్రం కాదు. నదీతీరం ఒక వైపునకు ఒరిగి ఉంటుంది. ఒక మూల తీసినవారి వేలి నీడ పడింది. పురోహితుల ముఖం సగమే వచ్చింది. నా వీపు మాత్రమే కనిపిస్తుంది. మధ్యలో మెట్టు మీద, గొడుగు నీడలో మా అమ్మ కూర్చుని ఉంది. కుడిచేయి కొంచెం పైకెత్తి ఉంది. పెదవులు తెరుచుకుని ఉన్నాయి. ఏదో చెబుతోంది. ఏం చెబుతోందో తెలియనివారికి ఆ చిత్రంలో చూడవలసినది ఏమీ లేదు.

కాళేశ్వర తీరాన

బృహస్పతి ఏ రాశిలో ప్రవేశిస్తే ఆ రాశికి చెందిన నదికి పుష్కరాలు వస్తాయన్నది మనకు తెలిసినదే. మిథున రాశి ప్రవేశంతో 2025 మే 15 నుంచి 26 వరకు పన్నెండు రోజుల పాటు సరస్వతీ నది పుష్కరాలు జరిగాయి. తెలంగాణలో కాళేశ్వరం అందుకు వేదికైంది. గోదావరితో ప్రాణహిత కలిసే ఆ చోట సరస్వతి అంతర్వాహినిగా ప్రవహిస్తుందని విశ్వాసం. శ్రీశైలం, ద్రాక్షారామాలతో పాటు త్రిలింగ క్షేత్రాలలో ఒకటిగా పేరొందిన కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు వెలసి ఉంటాయి. ఒకటి కాలుని పేర కాళేశ్వరుడు, రెండవది ముక్తేశ్వరుడు. మృత్యువు, ముక్తి ఒకే పీఠం మీద పక్కపక్కన కొలువైన అరుదైన సన్నిధి అది. ముక్తేశ్వర లింగానికి రంధ్రాలు ఉన్నాయి. అక్కడ అభిషేకించిన జలం ఎవరికీ కనిపించని దారిన సంగమానికి చేరుతుందని పెద్దలు చెబుతారు.

నాన్నగారు కాలం చేసిన తరువాత వచ్చిన తొలి పుష్కరాలు కావడంతో పిండప్రదానం చేయాలని బయలుదేరాం. అమ్మను తీసుకుని వెళ్లాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడ్డాం. ఆమెకు ఎనభై ఏళ్లు. అప్పటికి రెండేళ్లుగా మతిమరుపు వ్యాధి ఆమెను కొంచెం కొంచెంగా మా నుంచి తీసుకుపోతోంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. మనవరాలిని ఒక్కోసారి తన చెల్లెలి పేరుతో పిలుస్తుంది. అన్నిటికంటే కష్టమైనది మరొకటి ఉంది. “నాన్నగారు ఇంకా రాలేదేం నాయనా?” అని అప్పుడప్పుడు అడుగుతుంది. మొదట్లో నిజం చెప్పేవాళ్లం. చెప్పిన ప్రతిసారీ ఆమెకు ఆ వార్త కొత్తదే. ప్రతిసారీ అదే దుఃఖం. ఆ తరువాత “వస్తారమ్మా” అనడం నేర్చుకున్నాం. అటువంటి మనిషిని పిండప్రదానానికి ఎలా తీసుకువెళ్లడం? వదిలి వెళ్లడానికి మాత్రం మనసు ఎలా ఒప్పుతుంది? చివరకు తీసుకునే వెళ్లాం.

స్నానం, సంకల్పం, పిండప్రదానం అయ్యాయి. తర్పణం మొదలైంది. దర్భ పవిత్రం ధరించి, తిలోదకం దోసిట పట్టి, గోత్రనామాలు చెబుతూ వదులుతున్నాను. తండ్రి వసు రూపుడు, తాత రుద్ర రూపుడు, ముత్తాత ఆదిత్య రూపుడు. ఆ మూడు పేర్లూ తడబడకుండా చెప్పాను. తరువాత స్త్రీమూర్తుల వంతు. నాయనమ్మ పేరు చెప్పాను. “నాన్నగారి నాయనమ్మ పేరు?” అని పురోహితులు అడిగారు.

నాకు రాలేదు.

తండ్రి ఉన్నంతకాలం ఆ పేర్లు ఆయన నోట వింటూనే ఉన్నాను. ఏటేటా ఆబ్దికం నాడు పక్కన నిలబడి ఉన్నాను. అయినా నేర్చుకోలేదు. ఫోనులో నాలుగు వేల పైచిలుకు ఛాయాచిత్రాలు దాచుకున్నవాణ్ణి, నన్ను ఈ నేల మీదికి తెచ్చిన వంశంలో ఒక తల్లి పేరు దాచుకోలేకపోయాను. దోసిట నీళ్లు వేళ్ల సందుల నుంచి జారిపోతున్నాయి. పేరు తెలియనివారికి కూడా దారి ఉందని, బెంగపడవద్దని పురోహితులు దయతో చెప్పారు. ఆ మాటతో సిగ్గు ఇంకా పెరిగింది.

అప్పుడు వెనుక మెట్టు మీది నుంచి అమ్మ గొంతు వినిపించింది. ఆ పేరు చెప్పింది. గట్టిగా, స్పష్టంగా చెప్పింది. పురోహితులు తల తిప్పి చూశారు. అమ్మ అక్కడితో ఆగలేదు. తన పుట్టింటి వైపున తండ్రి, తాత, ముత్తాత, వారి భార్యల పేర్లు వరుస తప్పకుండా అప్పగించింది. పొద్దున ఏ ఊరు వచ్చామో మూడుసార్లు అడిగిన మనిషి ఆమె. గట్టు మీద నిలబడి ఉన్న మా అమ్మాయి ఆ క్షణంలోనే, చూసుకోకుండా, ఫోను నొక్కింది.

దీన్ని మహిమ అని నేను చెప్పబోవడం లేదు. మతిమరుపు వ్యాధి ముందుగా కొత్త జ్ఞాపకాలను తీసుకుపోతుందని, పాతవి చాలాకాలం నిలుస్తాయని వైద్యులు చెప్పగా విన్నాం. పైగా ఆ పేర్లు ఆమెకు ఎలా వచ్చాయో ఆలోచిస్తే మహిమ కంటే గొప్ప సంగతి బోధపడుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ప్రతి ఆబ్దికానికీ ఆమె మడికట్టుకుని వంటింట్లో ఉండేది. ముందు గదిలో మంత్రం జరుగుతుంటే గారెలు వేయిస్తూ వింటూ ఉండేది. తర్పణం విడిచే అధికారం ఆమెది కాదు. పేర్లు చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. అయినా యాభై ఏళ్లకు పైగా గడప అవతలి నుంచి విని విని, ఇరువైపుల వారినీ కడుపులో దాచుకుంది. శ్రవణంతో మొదలైనది స్మరణంగా నిలిచింది. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది విధాల భక్తిలో శ్రవణం మొదటిది, స్మరణం మూడవది. ఆ వరుసకు అర్థం ఆనాడు నదిలో నిలబడి ఉండగా తెలిసివచ్చింది.

తిరుగు ప్రయాణంలో, వాహనం కదిలిన తరువాత, అమ్మ నా భుజం తట్టి అడిగింది. “మీ నాన్నగారు ఎక్కారా?”

“ఎక్కారమ్మా” అన్నాను. ఆ రోజు ఆ మాట అబద్ధమనిపించలేదు.

సీతమ్మ అడిగిన ప్రశ్న

భవభూతి రచించిన ఉత్తరరామచరితం నాటకంలో మొదటి అంకం తెలిసినవారికి ఇక్కడ ఒక దృశ్యం తోచే ఉంటుంది. రావణవధ ముగిసింది. పట్టాభిషేకం జరిగింది. సీతమ్మ గర్భవతి. ఆమె మనసుకు ఉల్లాసం కలిగించడానికి, తమ గత జీవితాన్ని చిత్రించిన పటాలను లక్ష్మణుడు చూపిస్తాడు. సీతారాములు వాటిని చూస్తూ తమ వివాహవేళను, వనవాసాన్ని, వియోగ దుఃఖాన్ని మళ్లీ అనుభవిస్తారు. వివాహ ఘట్టంలో లక్ష్మణుడు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని చూపి, ఊర్మిళను మాత్రం చెప్పకుండా దాటవేస్తాడు. సీతమ్మ ఊరుకోలేదు. పటంలోని ఊర్మిళను చూపి, ఈమె ఎవరని మరదిని పరిహాసంగా అడుగుతుంది. లక్ష్మణుడు సిగ్గుపడి మాట మార్చేస్తాడు.

ఆ పరిహాసం వెనుక, మన ఇళ్లకు పనికివచ్చే సత్యం ఉంది. పటం ఎంత చక్కగా ఉన్నా, “ఈమె ఎవరు?” అన్న ప్రశ్నకు బదులు చెప్పే మనిషి పక్కన ఉండాలి. లక్ష్మణుడు ఉన్నాడు కనుక సీతమ్మ అడిగింది. మరి మన ఇంటి పటాలకు లక్ష్మణుడెవరు? అన్నట్టు, ఆ పటాలు చూసిన కాసేపటికే సీతారాముల వియోగానికి కారణమైన లోకనింద వార్త రాముని చెవిన పడుతుంది. కలిసి కూర్చుని చిత్రాలు చూసే అదృష్టం ఎంతసేపు ఉంటుందో సాక్షాత్తు శ్రీరామునికే తెలియలేదు. మనమెంత?

పుష్కరాల నుంచి వచ్చిన నెలలోనే మా ఇంటి పాత ట్రంకు పెట్టె తీశాం. నాన్నగారి చిన్ననాటి నలుపు తెలుపు చిత్రం ఒకటి దొరికింది. అందులో పదకొండు మంది ఉన్నారు. అమ్మ ఎదుట పెడితే ఏడుగురి పేర్లు చెప్పింది. రాసుకున్నాం. తక్కిన నలుగురి గురించి మరోరోజు అడుగుదామనుకున్నాం. సంక్రాంతికి అదే చిత్రం చూపితే, చాలాసేపు చూసి, “ఎవరి ఇంట్లో పెళ్లి నాయనా ఇది?” అంది. ఆ నలుగురికీ ఇక పేర్లు లేవు. మరోరోజు అన్న మాట ఎంత ఖరీదైనదో అప్పుడు తెలిసింది.

మీ ఇంట ఇలా చేయండి

ఉగాది కావచ్చు, దీపావళి కావచ్చు, మీకు వీలైన ఒక రోజు చూసుకోండి. ఏడాది చిత్రాలను ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ఏది లేకపోతే ఏది మరచిపోతామని పిల్లలను అడగండి. వారే ఎంచుతారు. ఆ ఒక్కదానిని కాగితం మీద అచ్చు వేయించండి. ఫోనులోనిది ఫోనుతోనే పోతుంది.

తరువాత దానిని వెనక్కి తిప్పండి. అందులో ఉన్నవారి పేర్లు ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి. బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే అక్షరాలు ముందువైపు తేలుతాయి కనుక, మెత్తని పెన్సిలుతో అంచున రాయడం మేలు. నున్నని కాగితమైతే వేరొక చీటీ మీద రాసి చిత్రంతో కలిపి ఒకే కవరులో ఉంచండి. తిథి, వారం, ఊరు, సందర్భం కూడా చేర్చండి. “అమ్మ”, “తాతయ్య” అని రాసి వదలకండి. ఎవరికి అమ్మ, ఎవరికి తాతయ్య అన్న ప్రశ్న రెండు తరాల తరువాత తప్పక వస్తుంది.

ఇంట్లో పెద్దలు ఉంటే ఈ వారమే వారి పక్కన కూర్చోండి. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, స్త్రీల పేర్లతో సహా అడిగి రాసుకోండి. పురుషుల పేర్లు ఎక్కడో ఒక దస్తావేజులోనైనా దొరుకుతాయి. కోడళ్లుగా వచ్చి, మన ఇళ్లలో దీపం వెలిగించి వెళ్లిపోయిన తల్లుల పేర్లు పెద్దల నోట తప్ప మరెక్కడా దొరకడం కష్టం.

మా చిత్రాన్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చింది. గతించినవారి పటాల సరసన గోడకు తగిలించడానికి వీలులేదు, అమ్మ మా మధ్యనే ఉంది. దేవుని మందిరంలో మనుషుల పటాలు ఉంచే అలవాటు మా ఇంట లేదు. ఆలోచించి, పంచపాత్ర, ఉద్ధరిణి ఉంచే కొయ్యపెట్టెలో పెట్టాం. అమావాస్య తర్పణానికి ఆ పెట్టె తీసినప్పుడల్లా చిత్రం ముందుగా చేతికి వస్తుంది. వెనక్కి తిప్పితే ఆనాడు అమ్మ చెప్పిన పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. వాటి కింద మా అమ్మాయి తన చేతిరాతతో మరొక వాక్యం చేర్చింది. ఆ పేర్లు చెప్పినది ఎవరో, ఆమె పూర్తి పేరుతో, గోత్రంతో, మెట్టినింటి పేరుతో, పుట్టినింటి పేరుతో రాసింది.

మొన్నటి అమావాస్య నాడు ఆ చిత్రం అమ్మకు చూపించాను. తనను తాను పోల్చుకోలేదు. “ఎవరో పెద్దావిడ, పాపం ఎండలో కూర్చుంది” అంది. చిత్రం వెనక్కి తిప్పి పేర్లు చదవడం మొదలుపెట్టాను. మూడో పేరు దగ్గర ఆమె పెదవులు నాతో పాటు కదిలాయి.